ఓడిన దావానే పాపర్ పిటిషన్‌గా మళ్ళీ మళ్ళీ వేస్తుంటే కోర్టు ఏం చేస్తుంది?

మీరు అడిగింది ఇదీ: తాతగారి పొలం గురించి మీ పెదనాన్నగారు 2009లో ఫీజు కట్టి దావా వేశారు, ఓడారు, అప్పీలూ పోయింది. ఆ తరవాత కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదంటూ పాపర్ పిటిషన్ వేస్తే విచారించి కొట్టేశారు. ఇప్పుడు అదే పొలం మీద, ఈసారి తాతగారి వీలునామా ఉందని చెప్పి, ఇంకో పాపర్ పిటిషన్ వేశారు. నోటీసు మీ ఇంటికి వచ్చింది. ఆయనకు పైసా ఖర్చు లేదు, మీకేమో ప్రతిసారీ వకీలు ఫీజు. డబ్బు లేదన్నవాళ్ళను కోర్టు ఇలా ఎన్నిసార్లయినా రానిస్తుందా అన్నది మీ ప్రశ్న.

నేను వకీలును కాను. 34 ఏళ్ళు సివిల్ కోర్టు ఆఫీసుల్లో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మా సీనియర్లు ఆ కుర్చీని శిరస్తాదారు అనేవారు. పాపర్ పిటిషన్ వస్తే ఆ మనిషికి నిజంగా స్తోమత లేదా అని మొదట విచారించి జడ్జిగారికి రిపోర్టు పెట్టాల్సింది ఆ కుర్చీలో ఉన్నవాడే. అందుకని ఈ కాగితాల్ని లోపలివైపు నుంచి చూశాను. మీ కేసు మీ వకీలుగారే నడపాలి, నేను చెప్పేది ఆయనతో కూర్చుని మాట్లాడుకోవడానికి పనికొస్తుంది.

రానివ్వదు. అయితే ఆపే చోటు మీరు అనుకుంటున్నది కాదు.

ముందు "పైసా ఖర్చు లేదు" అన్న మాట సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో పాపర్ దావాల సంగతి చెప్పే ఆర్డర్ 33 ఫీజు మాఫీ చేయదు, అరువు పెడుతుంది. గెలిస్తే, మొదట కట్టాల్సిన ఫీజు ఎంతో లెక్కగట్టి, కోర్టు ఎవర్ని కట్టమంటే వాళ్ళ దగ్గర ప్రభుత్వం వసూలు చేసుకుంటుంది. దావా ఆస్తి మీద ఆ సొమ్ముకే మొదటి హక్కు. ఓడినా, దావా మధ్యలో విరమించుకున్నా, వాయిదాకు రాక డిస్మిస్ అయినా ఫీజు వాదే కట్టాలని కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. రూల్ 14 ప్రకారం ఆ ఉత్తర్వు నకలు కలెక్టరుకు వెళ్తుంది, భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేయవచ్చు. వాస్తవంలో ఎంత వసూలవుతుందంటారా? ఏమీ లేనివాడి దగ్గర తహసీల్దారు మాత్రం ఏం జప్తు చేస్తాడు! కాగితం మీద మాత్రం అది బాకీయే.

రెండోది, ఫీజు కట్టినవాడి దావాకు ఒక గడప ఉంటే, కట్టలేనివాడి దావాకు రెండు. ఫీజు కట్టి తెస్తే ఆఫీసులో చెక్ చేసి, ఆబ్జెక్షన్లుంటే రిటర్న్ చేసి, సరిచేసి మళ్ళీ పెట్టాక నంబరు ఇచ్చేస్తాం. పాపర్ పిటిషన్‌కు అలా కుదరదు. ఆస్తుల జాబితా, వాటి విలువ రాసి సంతకం పెట్టాలి. కోర్టు మినహాయిస్తే తప్ప తనే స్వయంగా వచ్చి దాఖలు చేయాలి. జడ్జిగారు పిలిచి ప్రశ్నలు వేయవచ్చు. ఆ తరవాత ప్రతివాదికీ ప్రభుత్వ ప్లీడరుకూ కనీసం 10 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ప్రభుత్వ ప్లీడరుగారు ఎందుకంటే, ఆగిన ఫీజు ప్రభుత్వానిది కనుక. ఇదంతా అయి అనుమతి వస్తేనే దావాకు నంబరు. మీ ఇంటికి వచ్చిందని కంగారుపడుతున్న ఆ నోటీసు అర్థం ఇదే: దావా ఇంకా పుట్టలేదు, పుట్టనివ్వాలా వద్దా అని మిమ్మల్ని అడుగుతున్నారు. ఫీజు కట్టిన వాది మీద ఇంత ముందుగా మాట్లాడే అవకాశం ప్రతివాదికి దొరకదు.

ఆ అవకాశాన్ని చాలామంది ఎలా పాడు చేసుకుంటారో చెప్తాను. ఒక చేనేత కార్మికుడు అన్నదమ్ముల వాటా కోసం పాపర్ పిటిషన్ వేశాడు. అవతలివాళ్ళు కౌంటరులో, అంటే పిటిషన్‌కు ఇచ్చే జవాబులో, ఏడు పేజీలు ఆయన ఆస్తుల గురించే రాశారు. మగ్గం ఉంది, భార్య మెడలో మంగళసూత్రాలు ఉన్నాయి, రోజూ హోటల్లో టిఫిన్ చేస్తాడు. మగ్గం పనిముట్టు. సెక్షన్ 60 ప్రకారం చేతివృత్తివాడి పనిముట్లు జప్తు చేయరాదు. వంటపాత్రలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడవాళ్ళు తీసివేయకూడని నగలు కూడా అంతే. జప్తు చేయరానివాటిని ఆర్డర్ 33 లెక్కలోకి తీసుకోదు, దావా ఆస్తినీ తీసుకోదు. హోటల్ టిఫిన్ సంగతి సరేసరి. తహసీల్దారు రిపోర్టులు, ఎదురు రిపోర్టులు, సాక్షుల క్రాస్, అన్నీ కలిపి నాలుగేళ్ళు నడిచింది. చివరికి అనుమతి ఇచ్చారు. తమాషా ఏమిటంటే, ఆ దావా కాలదోషం పట్టినదని నోటీసు అందిన రోజునే ఒక్క పేరాలో చెప్పగలిగేవాళ్ళు. నాలుగేళ్ళ తరవాత, దావాకు నంబరు పడ్డాక వేసే జవాబులో (రిటెన్ స్టేట్‌మెంటు) చెప్పారు.

అందుకే మీకు నా మొదటి సలహా, మీ పెదనాన్నగారి పేదరికం మీద కొట్లాడకండి. నిజంగా ఏదైనా దాచి ఉంటే, సర్వే నంబరుతో సహా చూపించగలిగితే, చూపించండి. పిటిషన్ వేసిన తరవాత చేతికొచ్చిన ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది. పిటిషన్‌కు ముందు 2 నెలల్లో ఆస్తిని మోసపూరితంగా వేరేవాళ్ళ పేర పెట్టి ఉంటే, దాని విలువ కలిపి చూస్తే ఫీజు కట్టే స్తోమత ఉందని తేలితే, పిటిషన్‌ను తిరస్కరించాలి. పెన్షను, అమ్ముకోగల ఆస్తి, అప్పులు, దగ్గరివాళ్ళు ఇచ్చే సాయం, ఇవన్నీ చూడవచ్చని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కానీ ఊరికే "ఆయన కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు" అని రాసి లాభం లేదు. కొడుకు జీతం తండ్రి ఆస్తి కాదు, ఆ కొడుకు నిజంగా డబ్బు పంపుతున్నాడని చూపించాలి. (సందర్భం వచ్చింది కనుక: కంపెనీ కూడా పాపర్‌గా దావా వేయవచ్చని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చదివిన రోజు మా సెక్షన్లో అందరం నవ్వుకున్నాం. తరవాత ఆలోచిస్తే సబబే అనిపించింది, దివాలా తీసిన కంపెనీ జేబు ఎవరి జేబు కన్నా నిండుగా ఉంటుంది?)

మీ బలం ఆర్డర్ 33లోని రూల్ 5లో ఉంది. స్తోమత లేకపోవడం నిజమే అయినా పిటిషన్‌ను తిరస్కరించాల్సిన కారణాలు అందులో ఉన్నాయి. రాసినదంతా నిజమని ఒప్పుకున్నా దావా వేయడానికి కారణం కనబడకపోతే ఒకటి. రాసిన మాటల బట్టే ఏదో ఒక చట్టం ఆ దావాను అడ్డుకుంటుంటే ఇంకొకటి. వెనక ఎవరో పెట్టుబడి పెట్టి, వచ్చే ఆస్తిలో వాటా రాయించుకుని ఉంటే మరొకటి. ఈ చివరిది పల్లెటూళ్ళలో మనం అనుకునేదానికంటే ఎక్కువ. "పెదనాన్నకు డబ్బు లేదు, మరి వకీలుకు ఎవరిస్తున్నారు?" అని మీ ఊళ్ళో ఎవరైనా అంటుంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. రుజువు మాత్రం కావాలి.

మీకు సరిగ్గా సరిపోయే తీర్పు ఒకటుంది. 2022 డిసెంబరులో, తమిళనాడు నుంచి వెళ్ళిన ఒక కేసులో, ఇంతకు ముందే తేలిపోయిన తగాదాను మళ్ళీ పాపర్‌గా తెస్తే, పూర్వ తీర్పు అడ్డు వస్తుందన్న కారణంతో అనుమతి నిరాకరించడం సరైనదేనని సుప్రీంకోర్టు సమర్థించింది. వకీళ్ళు రెస్ జుడికాటా అనేది దీన్నే, సెక్షన్ 11. అంటే "నంబరు ఇచ్చాక విచారణలో చూద్దాంలే" అని వదలక్కర్లేదు, గడప దగ్గరే చూడవచ్చు.

ఇక రెండోసారి పాపర్ పిటిషన్ సంగతి. రూల్ 15 చాలా సూటిగా ఉంటుంది. ఒకసారి అనుమతి నిరాకరిస్తే, అదే హక్కు మీద అలాంటి పిటిషన్ ఇంకోసారి వేయడానికి వీల్లేదు. మామూలు పద్ధతిలో ఫీజు కట్టి దావా వేసుకోవచ్చు. అదైనా, మొదటి పిటిషన్‌ను ఎదిరించడానికి ప్రభుత్వానికీ మీకూ అయిన ఖర్చులు కోర్టు ఇచ్చిన గడువులో చెల్లిస్తేనే. కట్టకపోతే ప్లెయింటును, అంటే దావా పత్రాన్ని, తిరస్కరించాలి. మొదటి పిటిషన్ కొట్టేసినప్పుడు మీ ఖర్చులు ఉత్తర్వులో రాశారా? ఎవరూ అడగరు, అందుకని ఎవరూ రాయరు. నేను చూసినవాటిలో ఈ ఖర్చుల మెమో వేసిన ప్రతివాదులు ఒక చేతి వేళ్ళకు మించరు.

మొదటి పిటిషన్‌ను ఎందుకు కొట్టేశారో కూడా చూడాలి. ఫారం సరిగా లేదని తిప్పికొట్టి ఉంటే, దాన్ని పట్టుకుని రూల్ 15 అడ్డు ఉందనడం కష్టం. విని, విచారించి నిరాకరించి ఉంటే మీ పని సులువు.

ఇప్పుడు వీలునామా. మీ పెదనాన్నగారి వకీలు తెలివంతా ఇక్కడే ఉంది. రూల్ 15 "అదే హక్కు" అంటోంది కదా, ఇది కొత్త హక్కు అని ఆయన వాదిస్తారు. దానికి జవాబు సెక్షన్ 11లోనే నాలుగో వివరణలో ఉంది: మొదటి దావాలో చెప్పగలిగి, చెప్పవలసి ఉండీ చెప్పని విషయం కూడా తేలిపోయినట్టే లెక్క. తాతగారు 2009కి ముందే పోయి, వీలునామా అప్పటికే ఆయన చేతిలో ఉంటే, ఆనాడే చెప్పి ఉండాలి. నిజంగా నిన్నగాక మొన్న బయటపడిందని ఆయన నిలబెట్టగలిగితే విషయం మారుతుంది, దాన్ని మీ దగ్గర దాచను. అయితే చాలాసార్లు అసలు సంగతి ప్లెయింటులో తేదీలు పక్కపక్కన పెట్టి చదివితే తెలిసిపోతుంది. 1977లో ఒక తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్, కలం చాతుర్యంతో లేని దావాకారణాన్ని ఉన్నట్టు భ్రమ కల్పిస్తే, మొదటి రోజే వాదిని ప్రశ్నలడిగి మొగ్గలోనే తుంచేయమని దావాను మొదట విచారించే కోర్టులకు చెప్పారు. ఆ తీర్పును ప్రతి వకీలూ ఉదహరిస్తారు, వాదిని పిలిచి ప్రశ్నలడిగిన జడ్జీలను మాత్రం కొద్దిమందినే చూశాను. పాపర్ పిటిషన్‌లో అయితే రూల్ 4 ఆ అధికారం విడిగా కూడా ఇచ్చింది. "పిటిషనరును ప్రశ్నించండి" అని మీ కౌంటరులోనే అడగండి.

అనుమతి ఇస్తే? దాని మీద మీకు అప్పీలు లేదు, రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టులో రివిజను ఒకటే దారి. కానీ దావా మధ్యలో కూడా రూల్ 9 కింద అనుమతిని రద్దు చేయమని అడగవచ్చు: దావా నడపడంలో వేధింపుగా ప్రవర్తిస్తే, స్తోమత ఉందని తేలితే, ఆస్తిలో వాటా ఇంకొకరికి రాసిచ్చే ఒప్పందం బయటపడితే. నిరాకరిస్తే? ఆయనకు అప్పీలు ఉంది. పైగా రూల్ 15ఏ కింద ఫీజు కట్టడానికి గడువు ఇవ్వవచ్చు. ఆ గడువులో కడితే దావా పాపర్ పిటిషన్ వేసిన రోజునే వేసినట్టు లెక్క. కాలపరిమితి లెక్కలో ఇది పెద్ద తేడా. 2022 తీర్పులో కూడా ఫీజు కట్టుకునే అవకాశం వాళ్ళకు వదిలారు. కాబట్టి ఉత్తర్వు మీవైపు వచ్చిన రోజున మిఠాయిలు పంచకండి. ఫీజు కట్టి వస్తే, ప్లెయింటును మొదట్లోనే తిరస్కరించమని అడిగే ఆర్డర్ 7 రూల్ 11 కింద అదే వాదన మళ్ళీ వినిపించాల్సి ఉంటుంది.

మీ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది: ఇలాంటి మనిషిని మొత్తంగా ఆపే చట్టం లేదా? ఉంది, దాని కథ మన ప్రాంతానిదే. మద్రాసు రాష్ట్రం 1949లో ఇంగ్లండు 1896 చట్టం నమూనాలో ఒక చట్టం చేసింది. అలవాటుగా, కారణం లేకుండా వేధింపు కేసులు వేసే మనిషి మీద అడ్వొకేట్ జనరల్ హైకోర్టులో పిటిషన్ వేయవచ్చు. హైకోర్టు ఉత్తర్వు ఇస్తే ఆ మనిషి ఆ తరవాత ముందస్తు అనుమతి లేకుండా సివిలూ క్రిమినలూ ఏ కేసూ వేయకూడదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు వైపు తన కేసులు తానే వాదించుకునే ఒకాయన మీద ఈ చట్టం కింద మన హైకోర్టు అలాంటి ఉత్తర్వు ఇచ్చింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1965లో తీర్పు వచ్చింది. చట్టం రాజ్యాంగబద్ధమే, కోర్టుకు వెళ్ళే హక్కును అది పూర్తిగా తీసేయదు అన్నారు. కానీ మద్రాసు నుంచి వచ్చిన ఆంధ్ర జిల్లాలకే ఆ చట్టం వర్తిస్తుంది, తెలంగాణకు దాన్ని ఎన్నడూ విస్తరించలేదు అని ఉత్తర్వు కొట్టేశారు. అలా, కేసులు ఎక్కువ వేస్తున్నాడని ఆపిన మనిషి ఇంకో కేసు వేసి, అదీ తానే వాదించి గెలిచాడు!

మహారాష్ట్ర 1971లో, మధ్యప్రదేశ్ 2015లో ఇలాంటి చట్టాలు చేశాయి. మన జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు అధ్యక్షులుగా ఉన్న లా కమిషన్ 2005లో 192వ నివేదికలో దేశమంతటికీ ఒక చట్టం కావాలని సిఫారసు చేసింది. మీలాంటి ఒక్క కుటుంబ తగాదాకు అడ్వొకేట్ జనరల్‌ను కదిలించడం మాత్రం అయ్యే పని కాదు. ఆ దారి మీద ఆశ పెట్టుకోకండి.

అమెరికాలో ఉన్న మీ తమ్ముడు "ఇక్కడైతే మూడుసార్లకే మూసేస్తారు" అన్నాడని రాశారు. సగం నిజం. ఆ మూడుసార్ల నియమం 1996లో ఖైదీల కోసం వచ్చింది. జైల్లో ఉండి వేసిన మూడు దావాలో అప్పీళ్ళో పసలేనివని కొట్టేస్తే, ఒంటికి తక్షణ ప్రమాదం ఉంటే తప్ప, ఆ తరవాత దావాకు ఫీజు ముందే మొత్తం కట్టాలి. బయటివాళ్ళ విషయంలో అక్కడి సుప్రీంకోర్టు 1989లో ఒక టెనెసీ మనిషితో మొదలుపెట్టింది. 1971 నుంచి ఆయన ఆ కోర్టులో 73 సార్లు కాగితాలు పెట్టాడు, మూలం 1972 మోడల్ కారు తాలూకు ఒక పాత శిక్ష. ఇకమీద ఒక తరహా పిటిషన్లు ఫీజు లేకుండా తీసుకోవద్దని క్లర్కుకు ఆదేశమిచ్చారు. జస్టిస్ బ్రెన్నన్ ఒప్పుకోలేదు. 1991లో దానికి ఒక నిబంధనే రాసుకున్నారు. ఇప్పటికీ అలాంటి ఉత్తర్వుల్లో, 300 డాలర్ల ఫీజు కడితేనే సివిల్ పిటిషన్ తీసుకోండి అని ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే, మన రూల్ 15 చేసేదీ ఇదే. తలుపు మూయరు, అరువు మాత్రం ఆపేస్తారు. తేడా ఏమిటంటే, వాళ్ళు మనిషిని చూసి ఆపుతారు, మనం ఆ హక్కు ఒక్కదాని మేరకే ఆపుతాం. నాకు మన పద్ధతే నచ్చుతుంది. ఒక విషయంలో మొండివాడైన మనిషికి ఇంకో విషయంలో నిజంగానే అన్యాయం జరగవచ్చు.

ఖర్చులు వేసి ఆపవచ్చు కదా అంటారు. వేధింపు దావాకు సెక్షన్ 35ఏ కింద పరిహారం గరిష్ఠం 3,000 రూపాయలు, ఎప్పటి లెక్కో ఊహించుకోండి. పెద్ద కోర్టులు పెద్ద మొత్తాలు వేస్తాయి. 64 కేసులు వేసి ఒక్కటీ గెలవని ఒక ట్రస్టు మీద 2017లో సుప్రీంకోర్టు 25 లక్షలు వేసి, ఇక ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేయవద్దంది. ఆ సొమ్ము రాలేదు. 2021లో విషయం దాని అధ్యక్షుడి మీద కోర్టు ధిక్కారం దాకా వెళ్ళింది. లేనివాడి మీద ఖర్చులు వేస్తే వచ్చేది ఇంకో కేసే.

మీ పెదనాన్నగారికి ఎవరైనా చెప్పగలిగితే, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళమనండి, 15100కు ఫోన్ చేసినా సరిపోతుంది. అర్హత ఉంటే వకీలునూ కోర్టు ఫీజునూ వాళ్ళే చూస్తారు. ఇది మీకు నష్టమనిపించవచ్చు. కానీ సాయం ఇచ్చే ముందు వాళ్ళు కేసులో పస ఉందా అని చూడాలి. రెండుసార్లు ఓడిన కాగితాలు చూసి నిదానంగా "అయ్యా, ఇందులో ఏమీ లేదు" అని ఆయనకు చెప్పేది, మీ పక్షం కాని మనిషి, ఒక్కోసారి అక్కడే దొరుకుతాడు. అలా చెప్పించుకుని వెళ్ళిపోయినవాళ్ళను చూశాను, చెప్పినవాడి మీద ఫిర్యాదు రాసినవాళ్ళనూ చూశాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. నోటీసులో ఉన్న వాయిదాకు వకాలత్ పడాలి. కౌంటరు సిద్ధం కాకపోతే గడువు అడగండి, మీరు రాకుండానే కేసు తేల్చేసే ఎక్స్‌పార్టీ మాత్రం కావద్దు. కాపీ అప్లికేషన్ రేపే వేయండి: 2009 ప్లెయింటు, జడ్జిమెంటు, డిక్రీ, అప్పీలు డిక్రీ, మొదటి పాపర్ పిటిషన్, దాని మీద ఉత్తర్వు. వీటిలో జడ్జిమెంటు, డిక్రీ దొరుకుతాయి. ప్లెయింటు అనుమానం. పాత కట్టల్లో కొన్ని కాగితాలను గడువు తీరాక నాశనం చేస్తారు. 2009 ప్లెయింటు లేకపోతే అప్పుడు ఆయన ఏం చెప్పారో, ఏం చెప్పలేదో చూపించడం కష్టమవుతుంది. కాబట్టి అప్పట్లో మీ నాన్నగారి కేసు చూసిన వకీలుగారి ఇంటికి వెళ్ళి, ఆయన లేకపోతే ఆయన గుమాస్తాను పట్టుకుని, అటక మీద ఉన్న ఆ కేసు కట్ట దించమనండి.